బడి గుమ్మమున భేదమేల?

దేహమే దేవాలయమని శరణులు చెప్పిరి. ఇష్టలింగము అరచేత నిలుచును. అర్చించువానికి కన్ను కనబడునా, కాలు సాగునా యని విచారించుట బసవతత్త్వము గాదు. 12వ శతాబ్దమున కల్యాణమందలి అనుభవమంటపమున పడవ నడుపు అంబిగర చౌడయ్యకును తక్కిన శరణులతో సమాన స్థానము లభించెను. విశాఖపట్టణమున ఫిషింగ్ హార్బరు వీధులలో ఆ చౌడయ్యను స్మరించుట యుక్తము. ఇచ్చటను పడవయే జీవనాధారము.

హార్బరులో చీకటి తొలగకమునుపే చేపల వేలము మొదలగును. తండ్రి మరబోటుపై వేటకు పోయి కొన్నాళ్లు ఇల్లు చేరడు. తల్లి తట్ట పట్టుకొని వేలమునకు పోవును. నడువలేని బిడ్డను, వినలేని బిడ్డను బడికి చేర్చు వారెవరు? “వానికి చదువెందుకు? వల అల్లుకొని బ్రతుకును లెండు” అని యిరుగుపొరుగువారు తీర్పు చెప్పుదురు. వల అల్లుట హీనమని ఈ వ్యాసకర్త యభిప్రాయము గాదు. కాయకములన్నియు సమానములే. కాని వేరొకటి ఎన్నుకొను వీలు లేనివానికి అది కాయకము గాదు, బంధనము.

శాసనము ఈ విషయమున స్పష్టముగానే యున్నది. 18 ఏండ్లు నిండువరకు వికలాంగ బాలలకు ఉచిత విద్య నీయవలెనని 1995 నాటి చట్టమే చెప్పినది. అందు 7 విధములైన వైకల్యములు మాత్రమే పేర్కొనబడగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము వానిని 21కి పెంచినది. నలువది శాతమునకు తగ్గని వైకల్యము గల బాలలు 6 మొదలు 18 ఏండ్లవరకు ఇంటికి సమీపమందలి బడిలోనైనను, ప్రత్యేక పాఠశాలలోనైనను ఉచితముగా చదువుకొనవచ్చును. ఆ యెంపిక బిడ్డది, ప్రధానోపాధ్యాయునిది గాదు.

అయినను హాజరుపట్టీలో పేరు చేరినంతమాత్రమున బిడ్డ తరగతిలో చేరినట్లు గాదు. ఒక్క ఉదాహరణము. పాట, బాట, మాట – ఈ మూడు పదములను అద్దము ముందు నిలిచి పలికి చూడుడు. పెదవుల కదలికలో భేద మేమియు కనబడదు. పెదవులను చూచి గ్రహించు బధిర బాలునికి మూడును ఒక్కటియే. కావున ఉపాధ్యాయుడు ముందుగా పదమును నల్లబల్లపై వ్రాసి, పిమ్మట బాలునివైపు తిరిగి పలుకవలెను. బల్లవైపు ముఖము పెట్టి పాఠము చెప్పిన ఆ బాలునికి దక్కునది గురువుగారి వీపు మాత్రమే! చెవి యంత్రమున్నదిగదా యందురు. అది గురువు మాటతోపాటు లారీల మోతను, బోటు ఇంజనుల చప్పుడును గూడ పెంచును. అట్టి బాలుని వీధివైపు కిటికీకి దూరముగా, ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. దీనికి పైకము అక్కరలేదు.

వాలుదారి సంగతి వేరు. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలెనని లెక్క. రెండడుగుల అరుగునకు ఇరువది నాలుగడుగులు. ఆరడుగులలో ముగించి ఛాయాచిత్రము తీయించుకొన్నచో చక్రముల కుర్చీ ఎక్కదు, ఎక్కినను వెనుకకు దొర్లును.

అంధ బాలురకు విద్య నేర్పుట మన మఠములకు క్రొత్తగాదు. గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున పంచాక్షరి గవాయిగారు (1892–1944), వారి శిష్యులు పుట్టరాజ గవాయిగారు (1914–2010) స్వయముగా అంధులై యుండి ఎందరో అంధ బాలురకు సంగీతము నేర్పిరి. పుట్టరాజ గవాయిగారికి 2010లో పద్మభూషణ పురస్కారము లభించినది. ఆ సేవ మహత్తరము. అయితే అంధుడనగానే హార్మోనియమే గతి యనుకొనుట మన పొరపాటు. గణితమునకు గూడ బ్రెయిలీ లిపి యున్నది. పాఠశాలలు నడుపు మఠములు ఈ విషయమును తప్పక యోచింపవలెను.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్ల వేట నిషేధము. తండ్రులు ఇంట నుండు కాలమదియే. వైకల్య ధ్రువపత్రమునకై సదరం శిబిరమునకు పోవుటకు, మండలమందలి భవిత కేంద్రపు ఉపాధ్యాయులకు బిడ్డను చూపుటకు ఇంతకన్న అనువైన సమయము లేదు. సాధారణముగా జూన్ 12న బడులు తెరచుదురు. బోటు కదలుటకు ఇంకను రెండు దినములుండును గనుక, మొదటినాడు బిడ్డను తండ్రియే తోడ్కొని పోవచ్చును.