ఇంట చదివే బిడ్డ, ఇంట ఉండిపోయిన బిడ్డ

బడికి వెళ్ళని పిల్లలందరి పరిస్థితీ ఒకటి కాదు. కొందరు తల్లిదండ్రులు బడి బోధన తమ బిడ్డకు సరిపడదని భావించి, ఇంటి వద్దనే క్రమంగా చదువు చెబుతారు. మరికొన్ని ఇళ్ళలో బిడ్డ ఇంటిపట్టున ఉండడానికి కారణం చదువు కాదు. తల్లి పనికి వెళితే చంటిబిడ్డను చూసుకునేవారు కావాలి. ఊరి బడి నుండి రావలసిన బదిలీ పత్రం ఇంకా చేతికి అందలేదు. కొత్త నగరపు భాష బిడ్డకు పట్టుబడలేదు. బడి బయటి పిల్లల సర్వేకు వచ్చిన ఉపాధ్యాయురాలు గడప వద్ద నిలిచి అడిగినపుడు ఈ రెండు రకాల ఇళ్ళ నుండీ ఒకే సమాధానం రావచ్చు: “ఇంట్లోనే చదివిస్తున్నాం.” ఆ మాట ఏ ఇంట నిజమో, ఏ ఇంట సాకో తెలుసుకోగలగడమే ప్రభుత్వ పర్యవేక్షణ ముందున్న అసలు పని.

ఇంటి చదువు తెలుగువారికి కొత్తది కాదు. బడులు విస్తరించక ముందు అరుగుల మీద వీధిబడులు నడిచేవి. కలిగినవారి ఇళ్ళకు పంతులుగారే వచ్చి పాఠం చెప్పేవారు. పంతులుగారు రాని ఇళ్ళ పిల్లల చదువు ఎవరి బాధ్యత అన్న ప్రశ్న ఆలస్యంగా పుట్టింది. బరోడా సంస్థానం 1906లో నిర్బంధ ప్రాథమిక విద్యను రాజ్యమంతటా అమలులోకి తెచ్చింది. గోపాలకృష్ణ గోఖలే 1911లో బ్రిటిష్ ఇండియా శాసన మండలిలో అటువంటి బిల్లునే ప్రవేశపెట్టగా మరుసటి సంవత్సరం అది వీగిపోయింది. విఠల్‌భాయి పటేల్ చొరవతో 1918లో బొంబాయి ప్రెసిడెన్సీలో వచ్చిన చట్టం నిర్బంధ విద్యను అమలుపరచే అధికారాన్ని పురపాలక సంఘాలకు ఇచ్చింది. అంటే, బడి ఈడు పిల్లల సంగతి పురపాలక సంఘం పట్టించుకోవడం ఈ ప్రాంతంలో నూరేళ్ళు దాటిన వ్యవహారం.

నేటి చట్టానికి మూలం రాజ్యాంగం. 2002 నాటి 86వ సవరణ ద్వారా చేరిన 21ఎ అధికరణం 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని కూడా అదే సవరణ చేర్చింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం తన 10వ సెక్షనులో, బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. కాని ఆ బాధ్యత నెరవేర్చనివారికి ఆ చట్టంలో శిక్ష ఏదీ లేదు. గృహవిద్య అనే మాట అందులో కనిపించదు. దానికి అనుమతి లేదు, నిషేధమూ లేదు.

ఇతర దేశాలు ఇంత మౌనంగా లేవు. జర్మనీలో బడికి హాజరు కావడమే నిర్బంధం గనుక గృహవిద్యకు దాదాపు తావు లేదు. ఇంగ్లాండులో 1996 విద్యా చట్టం బడిలో గాని, మరో విధంగా గాని చదువు చెప్పించే స్వేచ్ఛను తల్లిదండ్రులకు ఇస్తూనే, తగిన చదువు అందడం లేదని స్థానిక సంస్థకు తోస్తే వివరణ కోరి, చివరకు బడిలో చేర్చమని ఉత్తర్వు ఇచ్చే వీలు కల్పించింది. భారతదేశపు విద్యా హక్కు చట్టంలో గృహవిద్యకు నమోదు గాని, వార్షిక పరీక్ష గాని, తనిఖీ గాని లేవు. చదువుకున్న తల్లిదండ్రులకు ఇది స్వేచ్ఛగా కనిపిస్తుంది. కాని అదే మౌనం చాటున, అక్షరం ముట్టని బిడ్డ కూడా ఎవరి కంటా పడకుండా పెరిగిపోగలదు. ఈ లోపం నష్టం కలిగించేది గృహవిద్యను కోరి ఎంచుకున్న కుటుంబాలకు కాదు.

ఇంట నిజంగా చదువు చెప్పదలచినవారికి ఒక మార్గం ఉన్నది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 3, 5, 8 తరగతులకు సమానమైన మూడు స్థాయిలలో ప్రాథమిక విద్యా కార్యక్రమాన్ని నిర్వహిస్తోంది. 14 ఏళ్ళు నిండిన తరువాత పదవ తరగతికి సమానమైన పరీక్ష వ్రాయవచ్చు. దానిని తెలుగు మాధ్యమంలో వ్రాసే సౌకర్యమూ ఉన్నది. అయితే నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, జీతానికి ఉపాధ్యాయుని పెట్టి బడిలా నడిపితే అది గృహవిద్య అనిపించుకోకపోవచ్చు. గుర్తింపు లేని పాఠశాల నడిపేవారికి విద్యా హక్కు చట్టం 18వ సెక్షను లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. సాయంత్రం వేళ పిల్లలను కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దించే ఇంటికీ, బడి చదువుకు తోడుగా సాగే తెలుగు తరగతికీ ఈ నిబంధనతో ఏ సంబంధమూ లేదు.

వలస కుటుంబాలు ఈ చట్టంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది 9వ సెక్షను. తన పరిధిలో నివసించే 14 ఏళ్ళ లోపు పిల్లలందరి వివరాలు నమోదు చేసి ఉంచడం, వారి చేరికను, హాజరును, చదువు పూర్తి కావడాన్ని గమనించడం స్థానిక సంస్థ విధి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకోవాలని ఆ సెక్షను ప్రత్యేకంగా చెబుతుంది. సర్వేకు వచ్చినవారిని చూసి తలుపు వేసుకోవడం, ఊరికి వెళ్ళిపోతామని చెప్పి పేరు వ్రాయించకపోవడం చాలా బస్తీలలో కనిపించే అలవాటే. పేరు వ్రాయించినంత మాత్రాన పన్ను పడదు, గది ఖాళీ చేయమని ఎవరూ అనరు. పేరు లేని బిడ్డకు మాత్రం పుస్తకమూ లేదు, మధ్యాహ్న భోజనమూ లేదు.

కాగితాలు లేవన్న భయం కూడా అక్కరలేదు. బదిలీ పత్రం ఆలస్యమైనదని చేరికను వాయిదా వేయరాదు, నిరాకరించరాదు. వయసు ధ్రువపత్రం లేదని వెనక్కు పంపరాదు. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవలసిందే. రెండేళ్ళు చదువు మానిన పదేళ్ళ పిల్లను ఒకటవ తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టరు. వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14 ఏళ్ళు దాటినా ఎనిమిదవ తరగతి పూర్తయ్యే వరకు ఆ ఉచిత విద్య కొనసాగుతుంది. భాష సమస్య అయిన చోట, ముంబయి మహానగర పాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతున్నదని గుర్తుంచుకోవాలి.

ఇంటి వద్ద ఉన్న బిడ్డ ఏమి చేస్తున్నదన్నది తరువాతి ప్రశ్న. 2016లో సవరించిన బాల కార్మిక నిషేధ చట్టం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని చెబుతూ, సొంత కుటుంబానికి సాయం చేయడాన్ని మాత్రం మినహాయించింది. ఆ సాయం బడి వేళల తరువాత గాని, సెలవులలో గాని జరగాలి. చదువుకు అడ్డు రాకూడదు. 2017 నాటి నియమాల ప్రకారం రాత్రి 7 నుండి ఉదయం 8 గంటల వరకు కూడా చేయించరాదు. బీడీలు చుట్టడం వంటి ప్రమాదకర పనులకు ఈ మినహాయింపు వర్తించదు. సోలాపూర్ బస్తీలలో తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించే పిల్ల పని ఇంటిపనే అనిపించవచ్చు గాని, చట్టం దృష్టిలో అది ఇంటిపని కాదు.

ఇక్కడ కుటుంబమంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు. దూరపు బంధువులు “మా పిల్లతో సమానంగా చదివిస్తాం” అని ఊరి నుండి ఒక పేదపిల్లను తెచ్చుకుని, వంటింటికి అప్పగించడం తెలుగు ఇళ్ళలో ఎరగని సంగతి కాదు. ఆ పిల్లకు పూట పూటా అన్నం పెట్టినా, పండుగకు పరికిణీ కుట్టించినా అది పనిలో పెట్టుకోవడమే. ఆ నేరానికి 6 నెలల నుండి 2 సంవత్సరాల వరకు జైలు, 20,000 నుండి 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

అటువంటి బిడ్డ కంటపడినపుడు ఇరుగుపొరుగువారు 1098 నంబరుకు ఫోను చేయవచ్చు, ఖర్చు ఉండదు. సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల లోపు బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతుంది. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఆ సమితిలో కనీసం ఒక మహిళ ఉండాలి. అధికారులు వస్తే బిడ్డను లాక్కుపోతారన్న భయంతోనే చాలామంది నిజం దాస్తారు. కాని బిడ్డ బాధ్యత మొదట కుటుంబానిదేననీ, సంరక్షణ గృహానికి పంపడం ఆఖరి మార్గం కావాలనీ అదే చట్టం సూత్రంగా పెట్టుకున్నది.

బడిలో చేర్చుకోవడానికి నిరాకరించినా, పేరు నమోదు చేయకపోయినా స్థానిక సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దానిపై మూడు నెలలలోగా నిర్ణయం రావాలి. ఆ నిర్ణయంతో తృప్తి లేనివారు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేసుకోవచ్చు. ఇచ్చిన అర్జీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోవాలి.