ఉద్యోగం చేస్తూ బైబిల్ చదవాలంటే

జనవరి ఒకటిన వన్ ఇయర్ ప్లాన్ మొదలుపెట్టిన ఉద్యోగినుల్లో చాలామంది ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. భక్తి తగ్గి కాదు, లెక్క తప్పి. బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు పైనే చదవాలి. ఆదికాండం కథలా సాగిపోతుంది. నిర్గమకాండం సగం దాటాక గుడారం కొలతలు, ఆ తర్వాత బలుల వివరాలు. సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఒక రిలీజో, ఆడిటో వచ్చి పడుతుంది. వారం రోజులు తప్పితే ఇరవైకి పైగా అధ్యాయాలు బాకీ. ఇక పుస్తకం తెరవడానికే మొహం చెల్లదు.

అందుకని మీ పనిదినాలకు సరిపోయే ప్లాన్ వేసుకోండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున వారానికి ఐదు రోజులు చదివితే 52 వారాల్లో పూర్తవుతుంది. తప్పిపోయినవి వారాంతంలో సర్దుకోవచ్చు. శనివారం కూడా డ్యూటీ ఉంటే ఆదివారం ఆరాధన అయ్యాక చూసుకోండి.

వేళ విషయంలో ఇతరుల సలహా గుడ్డిగా పాటించకండి. తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటే నైట్ డ్యూటీ నర్సు ఏం చేస్తుంది? ఆ టైముకు ఆమె వార్డులోనే ఉంటుంది. పగలు నిద్ర లేచాక, వంటింట్లోకి అడుగు పెట్టకముందు పదిహేను నిమిషాలు ఆమెకు కుదురుతాయి. వంటింట్లోకి వెళ్లాక ఇక కుదరవు. క్యాబ్‌లో, మెట్రోలో ఆడియో వినడం మంచిదే కానీ దాన్ని స్టడీ అనుకోవద్దు. స్టడీకి నోట్‌బుక్, పెన్ను కావాలి.

ఎక్కువమంది పొరపడేది వచనాల దగ్గర. పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దానం వస్తుంది. అప్రైజల్ సీజన్లో యిర్మీయా 29:11 వచ్చిందంటే ప్రమోషన్ ఖాయమనుకుంటాం. ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు రాసిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్బై ఏళ్లు ఆగాలని ఉంది. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోరండి అన్న సలహా ఇంకా ముందుంది. హైక్ రాని ఏడాది పనికొచ్చేది అదే.

ఫిలిప్పీ 4:13 సంగతీ ఇంతే. దాన్ని పట్టుకుని టీమ్ పనంతా నెత్తిన వేసుకునేవాళ్లున్నారు. పౌలు దాన్ని బంధకాల్లో ఉండి రాశాడు. ముందు వచనాల్లో ఉన్నది లేమిలోనూ కలిమిలోనూ సంతృప్తిగా ఉండే సంగతి. మేనేజర్ ఇచ్చే ప్రతి డెడ్‌లైన్‌కూ ఒప్పుకోమని అక్కడ లేదు.

సామెతలు 31 గురించి స్త్రీల కూడికల్లో ఎన్నిసార్లు విని ఉంటారో. చీకటితోనే లేచే ఇల్లాలిని గొప్పగా చెబుతారు. ఆమెకు పనికత్తెలున్న సంగతి కూడా అదే 15వ వచనంలో ఉంది, దాన్ని మాత్రం దాటేస్తారు. తర్వాతి వచనంలో ఆమె పొలం చూసి కొంటుంది, 24లో నారబట్టలు నేయించి అమ్ముతుంది. కాబట్టి ప్రసంగం విన్నాక ఇంటికొచ్చి అధ్యాయం మీరే చదవండి.

తోడు ఉంటే చదువు నిలబడుతుంది. ఇద్దరు ముగ్గురు చాలు, వారానికి ఒక అరగంట కాల్. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎందుకు మాట్లాడుతున్నారు, నా పనిలో దీనివల్ల ఏం మారాలి అన్న మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక్క జాగ్రత్త. ఆఫీసు గొడవలను ప్రార్థన అంశాలుగా పెట్టేటప్పుడు పేర్లు, క్లయింట్ వివరాలు, హెచ్ఆర్ కంప్లయింట్లు రాయకండి. ప్రేయర్ గ్రూపులోని స్క్రీన్‌షాట్ కూడా స్క్రీన్‌షాటే, టీమ్‌లీడ్ దాకా వెళ్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే రూతు గ్రంథం తీసుకోండి. పరాయి ఊళ్లో పరిగె ఏరుకుని అత్తను పోషించిన ఆమె కథ. నాలుగే అధ్యాయాలు. సోమవారం మొదలుపెడితే గురువారానికి అయిపోతుంది. ఆ తర్వాత 16 అధ్యాయాల మార్కు సువార్త మొదలుపెట్టండి, లేవీయకాండం తర్వాత చూసుకోవచ్చు.