సంఘపు నిల్వనిధి - తుపాను నాటి లెక్క

సహకార పరపతి సంఘము లాభాపేక్షతో పుట్టినది కాదు. అయినను వడ్డీల తేడావలన ఏటేట కొంత నికరలాభము మిగులును. అందు సభ్యులకు పంచక సంఘము పేర నుంచు భాగమే నిల్వనిధి. 1904వ సంవత్సరపు చట్టము గ్రామసంఘముల లాభమును మొదట ఈ నిధికే చేర్చవలెనని విధించెను. 1912వ సంవత్సరపు చట్టము నాల్గవ వంతుకు తక్కువ కాకుండ చేర్చుమనెను. తరువాతి పెక్కు చట్టములందును ఈ పద్ధతియే నిలిచినది.

మహాజనసభలో నిధి మొత్తము పెరిగెనని విని సంతోషించి లేచిపోవుట మనవారికి వాడుక. మొత్తమొక్కటియే చూచిన చాలదు. ఒక సంఘమునకు పదియేండ్ల క్రిందట బయట నున్న అప్పులు 40 లక్షలు, నిధి 4 లక్షలు అనుకొందము. నేడు అప్పులు 120 లక్షలు, నిధి 9 లక్షలు. నిధి రెట్టింపునకు మించెను గాని, నూటికి పదిగా నున్న అండ ఏడున్నరకు దిగెను. ఎరువులు, కూలి, దుక్కి ఖర్చు పెరిగినకొలది రైతు అప్పును పెరుగును గదా! నిధి దానితో సమముగా నడువవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది, ఆ సొమ్ము ఎచ్చట నున్నదను ప్రశ్న. నిజాంపట్నము, రేపల్లె ప్రాంతపు శివారు భూములవారికి ఇది మరింత అవసరము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ తుపానునందు ఉప్పెన ఈ తీరమునందలి చేతికి రానున్న వరిని ముంచెను. అట్టి యేట బాకీలలో నాల్గవ వంతు నిలిచిపోయినను పై సంఘమునకు 30 లక్షలు రావు. ప్రభుత్వము వాయిదా పొడిగించినను వడ్డీ ఆగదు; మరుపంటకు పెట్టుబడియు కావలెను. నిధిని కూడ సభ్యులకే అప్పుగా నిచ్చియున్నచో, ఆ 9 లక్షలును అదే నీటిలో మునిగినట్లే. కేంద్రబ్యాంకిలో వేరుగ డిపాజిటు చేసియుండిన, ఆ మేరకైనను వెంటనే చేతికందును.

ఆస్తి అప్పుల పట్టికలో నిల్వనిధి అప్పుల వైపున నుండును. ఇది పలువురను తికమక పెట్టును. దానికి సరియైన డిపాజిటు ఆస్తుల వైపున కనబడుచున్నదా యని వెదకవలెను. కనబడనిచో పంచాయతీదారులను రసీదు చూపుమని యడుగుట సభ్యుని హక్కు. అందులో అమర్యాద యేమియు లేదు. వసూలు కాని వడ్డీని లాభముగా వ్రాసి అందుండి నాల్గవ వంతు తీసిరేమో కూడ విచారింపవలెను. అట్టి నిధి కాగితముమీదనే పెరుగును.