పూచి వాడిన పిదప దుంపమొక్కల పోషణము

మే నెలలో మన బెజవాడ పెరళ్లయందు ఎఱ్ఱని బంతివంటి గుండ్రని పువ్వొకటి, ఆకులు విప్పుకొనకమునుపే నేలనుండి లేచును. దీనిని మే పువ్వందురు. జన్మభూమి ఆఫ్రికాఖండము. పువ్వు కొలదిదినములలో వాడును. అంతటితో దానిని మఱచుట పెక్కుమందికి వాడుక. పాఠశాలలో నీ మఱపు మఱింత హాని చేయును. ఏలయన పువ్వు వేసవి సెలవులలో పూయును, ఆకులు జూన్‌లో బడి తెఱచుసరికి పెరుగుచుండును. ఆవరణమును బాగుచేయువారు కలుపుతోపాటు వానినిగూడ చెక్కివేయుదురు. మఱుసటి యేడు పువ్వు రానిచో దుంప మంచిది కాదని నింద!

బాలబాలికలారా, ఉల్లిపాయ నొకదానిని నిలువునకోసి చూడుడు. ఆ పొరలు లావెక్కిన ఆకుల అడుగుభాగములే. మే పువ్వుదుంపయు నట్టిదే. అందు నిలువయున్న ఆహారమును వెచ్చించి మొక్క పూయును. ఆ వెచ్చమును తిరిగి నింపునవి తరువాతి ఆకులు. వర్షకాలమంతయు అవి యెండలో ఆహారమును సిద్ధపఱచి దుంపకు పంపును. పచ్చని ఆకులను కోయుట మొక్క నోటికాడి కూడు లాగివేయుటయే. కావున దుంపయున్నచోట పుల్ల నొకటి గ్రుచ్చి గుర్తుంచవలెను.

వాడిన పూకాడను కోయవచ్చును; గింజకు పోవు బలము దుంపకు మిగులును. ఆకులు పచ్చగానున్నంతకాలము తగుమాత్రము నీరును, బాగుగా చివికిన పశువుల యెరువును ఈయవలెను. చలికాలమున అవి తమంతట పండి యెండునప్పుడు నీరు మానవలెను. దుంపను ఏటేట త్రవ్వరాదు. కదల్చినకొలది పూత తగ్గును.

కృష్ణాడెల్టా నల్లరేగడి నీటిని పట్టి విడువదు. ఇచ్చట దుంపకు ఎండకంటె కుళ్లే పెద్ద శత్రువని మా యభిప్రాయము. ఇసుకయు ఆకుయెరువును కలిపి, మడిని జానెడెత్తు లేపి నాటినచో నీరు జాఱిపోవును. కుండీయైనచో అడుగున రంధ్రముండవలెను.

నేలసంపెంగ సంగతి వేఱు. బజారులో లిల్లీయని దండలకు అమ్మునది యిదియే, మెక్సికోదేశమునుండి వచ్చినది. ఒకసారి పూచిన తల్లిదుంప మఱల పూయదు; చుట్టునుండు పిల్లదుంపలు పూయవలెను. గుంపు ఇఱుకైనప్పుడు ఆకులు పండినపిదప త్రవ్వి, పిల్లలను విడదీసి, నీడలో కొన్నివారములు ఆరబెట్టి నాటవలెను. లావైనవి ముందు పూయును; సన్ననివి పెరుగుటకు గడువు కోరును. తల్లి పూయలేదని గుంపంతయు పాఱవైచు గృహస్థులు ఉచితముగా వచ్చిన మొక్కలను చేజేత పోగొట్టుకొనుచున్నారు. తులిప్‌దుంపలకు ఈ పోషణమేదియు చాలదు. వానికి వారములకొలది గట్టి చలి కావలెను. అది మన యూర లేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మే పువ్వుదుంప ఉల్లిపాయవలె కనబడును గాని విషము. త్రవ్విన దుంపలను వంటయింట నుంచరాదు. పసిపిల్లలకును పశువులకును అందని చోట పెట్టి, ముట్టిన చేతులను కడుగుకొనవలెను.