రేవు ముందర కంచు మనిషి



మీలో చాలామంది పోర్ట్ లూయీ నగరం చూచి ఉంటారు. అమ్మతో పెద్ద బజారులో కూరగాయలు కొని, ఆ తరువాత రేవు వైపు నడిచి ఉంటారు. అక్కడ రెండు వరుసల ఎత్తయిన చెట్ల నడుమ పొడవుగా సాగిన ఒక ఖాళీ స్థలం ఉన్నది. దానిని ప్లాస్ దార్మ్ అంటారు. ఫ్రెంచివారి కాలంలో సైనికులు కవాతు చేసిన చోటు అది. మన స్వాతంత్ర్య నాయకులలో ఒకరైన సుఖ్‌దేవ్ బిసున్‌దయాల్ గారి పేరు దీనికి పెట్టారు. అయినా జనం నోట పాత పేరే నిలిచిపోయింది.

ఈ స్థలానికి ఒక చివర ప్రభుత్వ భవనం, దాని వాకిట విక్టోరియా రాణి పాలరాతి విగ్రహం ఉన్నాయి. రెండవ చివర, రేవు వైపున, ఎత్తయిన పీఠం మీద ఒక కంచు మనిషి నిలబడి ఉన్నాడు. దాని పక్క నుండి రోజూ వేలమంది నడిచిపోతారు. తల ఎత్తి చూచేవారు కొద్దిమందే. ఈసారి మీరు పోర్ట్ లూయీ వెళ్ళినప్పుడు అక్కడ కొంచెం సేపు ఆగండి. ఆగేముందు ఈ పాఠం చదవండి.

ఆయన పేరు మాహే ద లాబుర్దొనే. 1699లో ఫ్రాన్సు దేశంలోని సెయింట్ మాలో అనే రేవు పట్టణంలో పుట్టాడు. చిన్న వయస్సులోనే సముద్రం మీదికి వెళ్ళాడు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీలో పని చేసి, 1735లో మన ద్వీపానికి గవర్నరుగా వచ్చాడు. అప్పుడు మన ద్వీపం పేరు ఇల్ ద ఫ్రాన్స్. పక్కనున్న రీయూనియన్ ద్వీపాన్ని అప్పుడు బుర్బన్ అనేవారు. రెండింటికీ ఆయనే అధికారి. 1746 వరకు పాలించాడు.

ఆయన రాకముందు పోర్ట్ లూయీ ఒక చిన్న మజిలీ మాత్రమే. పదేళ్ళు దాటేసరికి అది హిందూ మహాసముద్రంలో పేరున్న రేవు అయింది. ఓడలు మరమ్మతు చేసే చోటు, గిడ్డంగులు, బారకాసులు, ప్రభుత్వ భవనం, ఆసుపత్రి లేచాయి. గ్రాండ్ రివర్ నుండి పట్టణానికి కాలువ కట్టి మంచినీరు తెచ్చారు. పాంప్లెముస్‌లో మీరు పెద్ద తామర ఆకులను చూడడానికి వెళ్ళే తోట ఉన్నదే, అది కూడా ఆయన కూరగాయల తోటగానే మొదలయింది. బ్రెజిల్ నుండి కర్రపెండలం తెప్పించాడు. వీల్‌బాగ్ దగ్గర చెరకు మిల్లు పెట్టించాడు. మాహేబూర్ పట్టణానికీ, సేషెల్స్‌లోని పెద్ద ద్వీపానికీ ఆయన పేరే పెట్టారు. ఇవన్నీ నిజం. బడి పుస్తకాలలో ఎన్నో ఏళ్ళుగా వస్తున్న సంగతులు.

ఇక్కడ మీరొక చిన్న ప్రశ్న వేయాలి. "కట్టించాడు" అని చదివాము గదా, కట్టినది ఎవరు?

తెలుగులో ఈ మాటకు ఒక గుణం ఉన్నది. కట్టాడు వేరు, కట్టించాడు వేరు. రాజులందరూ కట్టించినవారే. రాయి మోసినవాడి పేరు ఆ వాక్యంలో ఉండదు. చరిత్ర చదివేటప్పుడు "ఇంచు" అనే ఈ చిన్న ప్రత్యయం కనిపించిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగడం మంచిది.

రాళ్ళు మోసినవారిలో అధిక భాగం బానిసలు. మొజాంబిక్ నుండి, మడగాస్కర్ నుండి, ఆఫ్రికా పశ్చిమ తీరం నుండి కూడా వారిని ఓడలలో తెచ్చారు. మంచి తాపీపనివారిని, వడ్రంగులను పాండిచ్చేరి ప్రాంతం నుండి రప్పించారు. లాబుర్దొనే కాలంలో ద్వీపంలో బానిసల సంఖ్య అనేక రెట్లు పెరిగింది. పెరిగినది తనంతట తాను కాదు. పనికి చేతులు కావాలని ఆయనే తెప్పించాడు, ఆ వ్యాపారంలో తానూ పాలుపంచుకొన్నాడు. కర్రపెండలం కూడా ముఖ్యంగా బానిసలకు చవకగా తిండి పెట్టడానికి వచ్చినదే. ఈనాడు మనం దానిని ఉడికించి ఇష్టంగా తింటాము. దాని కథ మాత్రం అంత రుచిగా లేదు.

అప్పటి చట్టం 1723 నాటిది. దాని ప్రకారం బానిస మనిషి కాదు, యజమాని ఆస్తి. పారిపోయి నెల రోజులు దొరకకపోతే చెవులు కోసి, భుజం మీద కాల్చిన ముద్ర వేయమన్నది ఆ చట్టం. మూడవసారి పారిపోతే మరణశిక్ష. అయినా పారిపోయేవారు. అడవులలో, కొండలలో దాగి బ్రతికేవారు. వారిని మారోన్లు అంటారు. లే మోర్న్ కొండ పేరు వినగానే మనకు గుర్తుకు వచ్చేది వారే. వారిని పట్టడానికి లాబుర్దొనే ఒక ఉపాయం చేశాడు. మడగాస్కర్ నుండి తెచ్చిన బానిసలలోనే కొందరికి ఆయుధాలు ఇచ్చి, వారి చేతనే తక్కినవారిని వేటాడించాడు. ఈ పనిని ఆయన దాచుకోలేదు. మంచి ఏర్పాటుగానే చెప్పుకొన్నాడు.

ఆయన చివరి రోజులు బాగా గడవలేదు. 1746 సెప్టెంబరులో ఓడలతో వెళ్ళి ఇంగ్లీషువారి నుండి మద్రాసు పట్టణాన్ని పట్టుకొన్నాడు. ఆ దండయాత్రకు మన ద్వీపం నుండి ఆఫ్రికా వారిని కూడా తీసుకొని వెళ్ళాడు. ఆ తరువాత పాండిచ్చేరి గవర్నరు డూప్లేతో తగవు వచ్చింది. ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళగానే ఆయనను బాస్తీల్ చెరసాలలో పెట్టారు. 1751లో నిర్దోషి అని విడిచిపెట్టారు గాని, 1753లో చనిపోయాడు.

మరి విగ్రహం ఎప్పుడు వచ్చింది? 1859లో. అంటే ఆయన చనిపోయి నూరేళ్ళు దాటిన తరువాత. అప్పటికి ఫ్రెంచివారి పాలన కూడా లేదు. 1810లోనే ద్వీపం ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఇంగ్లీషు జెండా కింద ఫ్రెంచి గవర్నరు విగ్రహాన్ని నిలబెట్టారన్నమాట! ద్వీపంలోని పాత ఫ్రెంచి కుటుంబాలకు భూములు, మిల్లులు, డబ్బు మిగిలే ఉన్నాయి. వారి గౌరవానికి ఒక గుర్తు కావలసి వచ్చింది.

ఇప్పుడు లెక్క కట్టండి. బానిసత్వం రద్దయినది 1835 ఫిబ్రవరి 1న. ఆ రోజు మనకు సెలవు. అప్పుడు సుమారు 66,000 మందికి విడుదల చెప్పారు. నిజానికి 1839 వరకు వారిని పాత యజమానుల దగ్గరే పని చేయించారు. ఇంగ్లీషు ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికి? కొరడా దెబ్బలు తిన్నవారికి కాదు, యజమానులకు! 1835 నుండి 1859కి 24 ఏళ్ళు. కాబట్టి విగ్రహం మీది ముసుగు తీసిన నాడు, ఒకప్పుడు బానిసలుగా ఉన్నవారు ఎందరో బ్రతికే ఉన్నారు. ఆ వీధులలోనే నడుస్తున్నారు. ఎవరి విగ్రహం పెడదామని వారిని అడిగినవారు లేరు.

మనవారిని అడిగారా? ఆ సంవత్సరాలలోనే భారతదేశం నుండి ఓడల మీద ఓడలు వచ్చాయి. 1861 నాటికి ద్వీపంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు భారతీయులే. వారినీ అడగలేదు. తెల్లవారకముందే చెరకు తోటలోకి వెళ్ళేవానికి పట్టణంలో ఏ విగ్రహం లేచిందో తెలియను కూడా తెలియదు.

కొందరు పిల్లలు, పెద్దలు కూడా, "ఇది ఫ్రెంచివారికీ క్రియోల్ వారికీ సంబంధించిన గొడవ, మనకెందుకు?" అంటారు. ఆ మాట నాకు నచ్చదు. చెరకు ఈ ద్వీపాన్ని ఏలడానికి తొలి అడుగు ఆయన మిల్లుతో పడింది. బానిసలు విడుదలై తోటలు విడిచి వెళ్ళినప్పుడు, అదే చెరకు కోసం యజమానులు కలకత్తాకు, మద్రాసుకు, గోదావరి తీరంలోని కోరంగి రేవుకు ఓడలు పంపారు. కోరంగిలో ఓడ ఎక్కినందువల్లనే మన పెద్దలను ఇక్కడివారు కొరంగీలు అని పిలిచారు. వేళాకోళంగా పిలిచినా, ఆ పేరులో మన ఊరు ఉన్నది. ఒకరిని గొలుసుతో తెచ్చారు, ఒకరిని ఒప్పందపు కాగితంతో తెచ్చారు. రెండూ ఒకటే అని నేను అనను. కాగితం గడువు అయిదేళ్ళకు తీరేది, గొలుసు గడువు తీరేది కాదు. కాని దించిన రేవు ఒకటే, పంపిన పొలం ఒకటే. తరగతిలో మీ పక్కన కూర్చున్న క్రియోల్ స్నేహితుని తాతముత్తాతలు నరికిన చెరకు మోళ్ళ మీదనే మన తాతముత్తాతలు కాలు పెట్టారు.

ఇటీవలి సంవత్సరాలలో ఇటువంటి విగ్రహాల గురించి లోకమంతటా వాదాలు నడిచాయి. 2015లో దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం నుండి సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని తీసివేశారు. 2020 జూన్‌లో ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరంలో, బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం తాళ్ళతో లాగి రేవులో పడవేశారు. దానిని నీటిలో నుండి తీసి తరువాత మ్యూజియంలో పెట్టారు. రీయూనియన్‌లో సెయింట్ డెనిస్ పట్టణంలో కూడా లాబుర్దొనే విగ్రహం ఉన్నది. దానిని అక్కడి నుండి తరలించాలని ఆ పట్టణపు అధికారులు తలపెట్టినప్పుడు పెద్ద రగడ అయింది. మన ద్వీపంలోను ఆ మాట వినిపించింది.

తీసివేయాలనేవారు ఏమంటారు? రాజధాని నడిబొడ్డున ఎత్తుగా నిలబెట్టడమంటే నమస్కరించమని చెప్పడమే. మా పూర్వులను కొన్నవానికి మేము ఎందుకు నమస్కరించాలి? ఈ ప్రశ్నకు ఎదురు చెప్పడం సులభం కాదు. ఉంచాలనేవారు ఏమంటారు? ఈ పట్టణాన్ని రూపు దిద్దినది ఆయనే. విగ్రహం తీసినంత మాత్రాన జరిగినది జరగకపోదు. కొందరు, "ఆ కాలంలో అందరూ అంతే" అని కూడా అంటారు. ఇది బలమైన వాదం కాదు. ఆ కాలంలో మారోన్లు కూడా ఉన్నారు గదా. బానిసత్వం తప్పు అని వారికి తెలుసు. వారిని "అందరిలో" లెక్క వేయకపోతేనే ఆ మాట నిలుస్తుంది.

నా మట్టుకు నాకు, విగ్రహం ఉండవచ్చుననిపిస్తుంది. అయితే అది ఒంటరిగా ఉండరాదు. పక్కనే, అంతే ఎత్తున, రాళ్ళు మోసినవారి గుర్తు ఉండాలి. మీకు వేరుగా అనిపించవచ్చును. చూచి వచ్చిన తరువాత చెప్పండి.

చూడడానికి విగ్రహం ఒక్కటే చాలదు. పీఠం మీద అక్షరాలు చదివి, ఎవరి పేరు ఉన్నదో, ఎవరి పేరు లేదో గమనించండి. అక్కడి నుండి రేవు వెంట ట్రూ ఫాన్‌ఫారోన్ వైపు నడవండి. పది పదిహేను నిమిషాల నడక. లాబుర్దొనే కట్టించిన ఆసుపత్రి అక్కడే ఉన్నది. ఆ పాత రాతి గోడల మధ్యనే 2023లో బానిసత్వ మ్యూజియం తెరిచారు. సత్య న్యాయ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదికలో ఇటువంటి మ్యూజియం కావాలని కోరింది. కట్టించినవాని ఆసుపత్రిలో ఇప్పుడు కట్టినవారి కథ చెప్పుతున్నారు.

ఇక్కడ ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. 1846లో, అంటే కంచు విగ్రహానికి 13 ఏళ్ళ ముందు, ఫ్రోబెర్‌విల్ అనే ఫ్రెంచివాడు ఈ ద్వీపంలో ఆఫ్రికా నుండి వచ్చినవారి ముఖాల మీద ప్లాస్టరు వేసి అచ్చులు తీశాడు. 50కి పైగా ముఖాలు. అతడు తీసినది గౌరవం కోసం కాదు, జాతుల గురించిన తన పరిశోధన కోసం. ఆ అచ్చులు ఫ్రాన్సులో బ్లువా పట్టణపు కోటలో భద్రంగా మిగిలాయి. ప్లాస్టరు ఆరేవరకు కదలకుండా ఉండాలి గనుక అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. గవర్నరు ముఖం ఆయన పోయి నూరేళ్ళు దాటాక శిల్పి చేసినది. ఈ ముఖాలు మాత్రం ఉన్నవి ఉన్నట్లుగా దిగినవి.

మ్యూజియం నుండి బయటికి వస్తే పక్కనే ఆప్రవాసీ ఘాట్. మనవారు ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు అక్కడ ఉన్నాయి. వాటి సంగతి మీరు వేరే పాఠంలో చదివారు గనుక ఇక్కడ మళ్ళీ చెప్పను. మెట్ల మీద నిలబడి ఆసుపత్రి ఎంత దగ్గరో చూడండి, చాలు.

అభ్యాసము

విగ్రహం పక్కన ఒక రాతి పలక పెట్టే పని మీకు అప్పగించారనుకొనండి. దాని మీద 30 మాటలకు మించి పట్టవు. తెలుగులో రాయండి. తరువాత మీ స్నేహితులకు వినిపించడానికి దానిని క్రియోల్‌లో కూడా చెప్పి చూడండి. "కట్టించాడు" అనే మాట వాడవలసి వస్తే, కట్టినవారికి కూడా ఆ 30 మాటలలో చోటు మిగల్చండి.