ఒక ఓటు ముందే పడిపోయింది!

ఎన్నిక అంటే మనకు గుర్తొచ్చేది పోలింగ్ రోజే. కానీ అంతకుముందే ఇంకో ప్రశ్న తేలిపోతుంది: పార్టీ టికెట్ ఎవరికి? మన దగ్గర అది అధిష్ఠానం చేతిలో పని. బీ-ఫారం ఎవరికిస్తే వాళ్ళే పార్టీ అభ్యర్థి. అమెరికాలో చాలావరకు ఓటర్లే తేలుస్తారు. అదే ప్రైమరీ.

2018లో న్యూయార్క్ 14వ నియోజకవర్గం సంగతి చూడండి. డెమోక్రాట్ల కంచుకోట అది. పదిసార్లు గెలిచిన జో క్రౌలీ వైపే పార్టీ పెద్దలు, నిధులు. అంతకుముందు 14 ఏళ్ళు ప్రైమరీలో ఆయనకు పోటీయే లేదు. పార్టీ అండకున్న అసలు బలం ఇదే: ప్రత్యర్థిని ఓడించడం కాదు, అసలు బరిలోకే రానివ్వకపోవడం!

ఈసారి 28 ఏళ్ళ అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ దిగింది. జూన్ 26న సుమారు 57 శాతం ఓట్లతో గెలిచింది. నవంబర్‌లో 78 శాతం వచ్చినా అది లాంఛనమే, సీటు జూన్‌లోనే ఖాయమైంది.

ఇక్కడో మెలిక ఉంది. దాదాపు ఏడు లక్షల జనాభా ఉన్న చోట ప్రైమరీలో పడ్డ ఓట్లు 30 వేలు దాటలేదు. న్యూయార్క్‌లో ఆ పార్టీ ఓటరుగా నమోదైనవాళ్ళకే ప్రైమరీ ఓటు. అంటే పార్టీ అండను ఓడించాలన్నా, నిలబెట్టాలన్నా కొద్దిమంది చాలు. మిగతావాళ్ళు నవంబర్‌లో క్యూ కట్టినా, అప్పటికే తేలిపోయిన ఫలితానికి ముద్ర వేసినట్టే.

అక్కడ ఆ మొదటి ఓటు ఉండీ చాలామంది వాడుకోరు. మరి మనకు? అసలు ఆ ఓటే లేదు. ఆలోచించండి.