ప్రశ్నలు – జవాబులు: బ్యాక్ ఆడినవాడి రేపటి సంగతి

ప్రశ్న: మా వాడికి పంతొమ్మిదేళ్ళు. ఫుట్‌బాల్‌లో డిఫెండర్. డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి కోల్‌కతా క్లబ్బుల ట్రయల్స్‌కి వెళ్తానంటున్నాడు. పంపమంటారా?
– ఒక తండ్రి, నెల్లిమర్ల

జవాబు: ట్రయల్స్‌కి పంపండి. డిగ్రీ మాత్రం మాననివ్వకండి. పరీక్షలకు ఊరొచ్చి రాసి వెళ్ళే ఆటగాళ్ళు ఎంతమంది లేరు!

క్లబ్బును నమ్ముకుని చదువు వదిలేసే రోజులు కావివి. 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. రెండేళ్ళు తిరక్కుండానే జీతాల బకాయిల గొడవల్లో ఆటగాళ్ళను పోగొట్టుకుంది. 2025లో ఢిల్లీ వెళ్ళిపోయి పేరే మార్చుకుంది. విశాఖ నుంచి ఆడుతుందని 2020లో మనమంతా సంబరపడిన శ్రీనిధి జట్టు చివరికి హైదరాబాదులో మైదానం చూసుకుంది. కప్పు కొట్టిన జట్టుకే దిక్కులేనప్పుడు మీవాడు చేరబోయే చిన్న క్లబ్బు మాటేమిటి?

రైల్వే స్పోర్ట్స్ కోటాకు మామూలుగా పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ళ వరకే అవకాశం. అంటే మీవాడికి ఆరేళ్ళుంది. ఈ ఆరేళ్ళలో ఆట సర్టిఫికెట్లూ చదువు సర్టిఫికెట్లూ ఒకే ఫైలులో చేరాలి. ఆ ఫైలు మీ దగ్గరే పెట్టుకోండి.

ప్రశ్న: నాది రామతీర్థం. కోల్‌కతాలో చిన్న డివిజన్ క్లబ్బులకు, తర్వాత ఒక డిపార్ట్‌మెంట్ జట్టుకు కాంట్రాక్టు మీద స్టాపర్‌గా ఆడాను. ముప్పై మూడేళ్ళు వచ్చాయి. మోకాలి లిగమెంటు రెండుసార్లు తెగింది. ఊరొచ్చేశాను. గుడి వీధిలో ఎవరెదురైనా "ఏటి చేస్తున్నావురా ఇప్పుడు?" అంటారు. ఫార్వర్డ్ ఆడినవాడు వేసిన గోల్సన్నా చెప్పుకుంటాడు. నాకేం ఉంది? ఇన్నేళ్ళూ వృథా చేశానా? పండగ టోర్నమెంట్లకు పిలిస్తే సూది వేయించుకుని దిగుతున్నాను.
– ఒక ఆటగాడు, రామతీర్థం

జవాబు: తమ్ముడూ, ముందు నీ ఆఖరి వాక్యం గురించి. ఆ సూది ఈరోజుతో మానెయ్. నొప్పి తెలియని మోకాలితో గంటన్నర పరుగెత్తితే ఉన్న కాస్త కార్టిలేజ్ కూడా అరిగిపోతుంది. ఒక పండగకు ఇచ్చే డబ్బు నలభై అయిదేళ్ళకు చేయించుకోవలసిన ఆపరేషన్‌కు సరిపోదు. ఎముకల డాక్టరుకు చూపించు. తొడ కండరాలకు బలమొచ్చే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ చెయ్. ఆట ఆగాక బరువు పెరగనివ్వకు.

ఇక వృథా అన్నావే, ఆ మాట కొట్టెయ్. హైదరాబాదులో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ నీలాగే డిఫెండర్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టుకు కెప్టెన్. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన ఆఖరి పతకం అదే. ఆ ఏడాదే ఆయనకు అర్జున అవార్డు కూడా వచ్చింది. నువ్వు తెలుసుకోవలసింది ఆ తర్వాత కథ. 1990లో ఈస్ట్ బెంగాల్ డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ ఒకే సీజన్లో గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ద్రోణాచార్య అవార్డూ ఆ ఏడాదిదే. 2005లో కరాచీలో శాఫ్ కప్పు గెలిచిన భారత జట్టుకూ కోచ్ ఆయనే. ఆడిన ఏళ్ళకన్నా ఆడించిన ఏళ్ళే ఎక్కువ ఆయన జీవితంలో.

డిఫెండర్ మంచి కోచ్ అవుతాడన్నది నా గట్టి నమ్మకం. మైదానమంతా ఎదురుగా కనిపించే చోట నిలబడి ఆడావు. పక్కవాణ్ణి ముందుకు జరగమని, హాఫ్‌ను వెనక్కి రమ్మని కేకేశావు. లైను పట్టి ఎదుటివాణ్ణి ఆఫ్‌సైడ్‌లో ఇరికించావు. గీత బయట నిలబడి చెయ్యవలసిందీ అదే పని. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ గుర్తుంచుకో. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను మన హైదరాబాదు రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ కొరియాపై మనం 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ జర్నైల్‌ది. వెనక ఆడినవాడికి ముందు ఏం జరుగుతుందో తెలుసని ఆ కోచ్‌కు తెలుసు. రహీం సాబ్ అసలు వృత్తి బడిపంతులు, అదీ గమనించు.

ఆట ఎప్పుడాగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, రోమ్ ఒలింపిక్స్‌లో గోల్స్ వేసినవాడు, 1963లో బీఎన్ఆర్‌కు ఆడుతూ ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవైల్లోనే బూట్లు విప్పేశాడు. మన విజయనగరం మీదుగా పోయే హౌరా లైనును ఒకప్పుడు నడిపిన పాత రైల్వే కంపెనీ పేరే ఆ జట్టుది. నీకు ముప్పై మూడు దాకా ఆట దక్కింది.

ఇప్పుడు పని చెప్తాను. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) డి కోచింగ్ లైసెన్సు కోర్సుకు పేరు ఇచ్చుకో. కొద్ది రోజుల కోర్సు. దాని మీద సి లైసెన్సు. కేంద్ర క్రీడా శాఖ 2024 ఆగస్టులో మొదలుపెట్టిన రీసెట్ శిక్షణ ఆట మానేసిన, ఇరవై నుంచి యాభై ఏళ్ళ లోపు వాళ్ళకే. అర్హత నిబంధనలు చదివి దానికీ దరఖాస్తు పెట్టు. ఈలోగా మీ ఊరి బడి మైదానంలో సాయంత్రం పదిమంది పిల్లల్ని పోగెయ్. నెలకింత అని ఫీజు తీసుకో, మొహమాటపడకు. ఊరికే నేర్పేవాణ్ణి ఊరు గౌరవించదు.

మీ మండలంలోనే కొండవెలగాడ ఉంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. అలాంటి ఊళ్ళలో ముందు నేర్చినవాళ్ళు వెనకవాళ్ళకు నేర్పుతారు. ఫుట్‌బాల్‌కు రామతీర్థంలో ఆ పని నువ్వు చెయ్యాలి. రామతీర్థం పెద్దలకూ ఒక మాట. దెబ్బలు తగిలించుకుని ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి దారిలో ఆపి లెక్కలడక్కండి. మైదానం తుప్పలు కొట్టించి ఇవ్వండి, చాలు.

ప్రశ్న: అమ్మాయి ఫుల్‌బ్యాక్ ఆడుతుంది. కాళ్ళమీద మచ్చలు పడితే సంబంధాలు రావంటున్నారు మా అత్తగారు.
– ఒక తల్లి, గరివిడి

జవాబు: మచ్చలు చూసి వెళ్ళిపోయే సంబంధం రాకపోవడమే మంచిది, షిన్ గార్డులు మాత్రం మంచివి కొనండి.

ప్రశ్న: మా ఆయన ఆట మానేసి ఏడాదైంది. ఉద్యోగం ఉంది. అయినా నిద్రపోరు, ఎవరితోనూ మాట్లాడరు. నేనేం చెయ్యాలి?
– ఒక గృహిణి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, ఇన్నేళ్ళూ ఆయన రోజును విజిల్ నడిపింది. ఉదయం ప్రాక్టీసు, శనివారం మ్యాచ్, పక్కన జట్టు. అవన్నీ ఒక్క రోజులో పోయాయి. బద్ధకమనుకుని దెప్పకండి. పాత జట్టువాళ్ళలో ఒకరిని ఇంటికి పిలవండి. మీరో, ఆయనో 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోతానన్న మాట నోట వస్తే మాత్రం ఆగకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

ప్రశ్న: పదేళ్ళ పిల్లల చేత రోజూ యాభైసార్లు హెడ్డింగ్ చేయిస్తున్నాడు మా కోచ్. మంచిదేనా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మంచిది కాదు. ఆపించండి. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు స్కాట్లండ్ పాత ప్రొఫెషనల్ ఆటగాళ్ళ మరణాలు పరిశీలించారు. మతిమరుపు లాంటి మెదడు జబ్బులతో పోయే ప్రమాదం మామూలు జనంకన్నా వాళ్ళకు దాదాపు మూడున్నర రెట్లని 2019లో తేలింది. 2021లో స్థానాల వారీగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ డిఫెండర్లకే, సుమారు అయిదు రెట్లు. అదే ఆటగాళ్ళలో గుండె జబ్బు మరణాలు తక్కువని కూడా ఆ పరిశోధనే చెప్పింది, కాబట్టి ఆట మాన్పించకండి. పదకొండేళ్ళలోపు పిల్లలకు ప్రాక్టీసులో హెడ్డింగ్ వద్దని ఇంగ్లండ్ 2020లోనే నిర్ణయించింది. ఆ వయసులో బంతిని కాలితో ఆపడం, ఎదుటివాడి నడుము చూసి ఎటు తిరుగుతాడో పసిగట్టడం నేర్పించమనండి. మీ కోచ్ కాదంటే పిల్లవాణ్ణి వేరే కోచ్ దగ్గర వెయ్యండి.

ప్రశ్న: రాష్ట్ర జట్టుకు ఆడాను. కేంద్ర క్రీడా పింఛను వస్తుందా?
– ఒక మాజీ ఆటగాడు, శ్రీకాకుళం

జవాబు: రాదండి. ఒలింపిక్స్, ఆసియా, కామన్వెల్త్ క్రీడల్లాంటి వాటిలో పతకం తెచ్చి, ఆట మానేసి, ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు అది. రామతీర్థం తమ్ముడికి రాసిన జవాబులో రీసెట్ గురించి చెప్పాను, ఆ దరఖాస్తు మీరూ చూడండి.